పంటు దాటని కసరత్తు

నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి వశిష్ఠ గోదావరి మీద పంటు నడుస్తుంది. ఆటోలు, మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, కాలేజీ పిల్లలు, పెళ్ళివారు, అందరికీ అదే దారి. ఒడ్డుకీ పంటుకీ మధ్య ఉండే వాలు చాలామందికి నాలుగడుగుల పని. మడమలు నేలకు ఆనని, నడిస్తే మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మాత్రం అక్కడ ఒక చెయ్యి అమ్మ భుజం మీద, రెండోది ముక్కూ మొహం తెలియని వాళ్ళ మీద వెయ్యక తప్పదు. ఏరు దాటాక బస్సు, బస్సు దిగాక ఆటో, ఆటో దిగాక ఆసుపత్రి మెట్లు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు నడిచేటప్పుడు పీల్చుకునే ఆక్సిజన్‌ని కొలిచి చూస్తే, అదే దూరానికి తోటి పిల్లలకయ్యే ఖర్చు కన్నా రెండు మూడు రెట్ల దాకా శక్తి ఖర్చవుతున్నట్టు తేలింది. ఆ లెక్కన ఫిజియోథెరపీ గది చేరేసరికే ఆ పూట ఓపికలో పెద్ద వాటా దారిపాలవుతుంది. అమ్మకు ఆ రోజు కూలి ఎలాగూ పోతుంది.

సఖినేటిపల్లి మండలంలోనే మోరి అనే ఊరుంది, జీడిపప్పుకు పేరున్న ఊరు. 2016 డిసెంబరు చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ఫైబర్‌నెట్ పథకాన్ని అక్కడే మొదలుపెట్టింది. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టీవీ, ఫోను మూడూ ఒకే తీగ మీద, సెకనుకు 15 మెగాబిట్ల వేగంతో. వీడియో కాల్ సాఫీగా నడవడానికి ఆ వేగంలో పదో వంతు చాలు. తర్వాత సెల్‌ఫోన్ల డేటా చవకై, ఈ సంగతి మోరి గొప్పగా కూడా మిగల్లేదు. మనిషి ఏరు దాటడానికి అరపూట పట్టే చోట, మనిషి బొమ్మ దాటడానికి రెప్పపాటు చాలుతోంది. మరి ఆ తీగ మీద కసరత్తు ఎంతవరకు ప్రయాణం చేస్తుంది? ఎక్కడ ఆగిపోతుంది?

ముందు అసలు కసరత్తు ఎందుకో చూడాలి. చిన్నతనంలో వచ్చే శారీరక వైకల్యాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది సెరిబ్రల్ పాల్సీ. వెయ్యి కాన్పులకు ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఉంటుంది. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో మెదడుకు తగిలిన దెబ్బ దానికి మూలం. విలియం జాన్ లిటిల్ అనే ఇంగ్లీషు శస్త్రవైద్యుడు 1862లో దీన్ని వివరంగా రాసిపెట్టాడు. ఆయనకే చిన్నప్పటి నుంచి ఒక పాదం వంకర. నడక గురించి అంత శ్రద్ధ పుట్టడానికి అదీ ఒక కారణమేమో.

మెదడులోని ఆ దెబ్బ వయసుతో పాటు ముదరదు. ముదిరేది కాళ్ళలో, చేతుల్లో జరిగే వ్యవహారం. పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి ఎముకలు ఒక్కసారిగా పొడుగు సాగుతాయి. ఎప్పుడూ బిగుసుకునే ఉండే పిక్క కండరం, తొడ వెనక కండరం ఆ వేగాన్ని అందుకోలేవు. మడమ పైకి లేస్తుంది, మోకాలు వంగిపోతుంది. వంగిన మోకాళ్ళ మీద నిలబడాలంటే తొడ ముందు కండరం రోజంతా పట్టి ఉంచాలి. అదే సమయంలో ఒంటి బరువూ పెరుగుతుంది. నిన్నటిదాకా బడిలో గోడ పట్టుకుని తిరిగిన కుర్రాడు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి బెంచీ మీంచి లేవడం తగ్గిస్తాడు. ఎవరైనా అడిగితే 'చదువెక్కువైందండి' అంటాడు.

ఈ జారుడును కొలిచి చూపించినవాళ్ళు కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు. 1997లో వాళ్ళు పిల్లల కదలికను ఐదు స్థాయులుగా విడగొట్టారు. ఒకటో స్థాయి పిల్లలు పరుగెత్తగలరు, మెట్లెక్కగలరు. మూడో స్థాయివాళ్ళకు చేతికర్రో వాకరో కావాలి. ఐదో స్థాయిలో తల నిలపడానికే సాయం కావాలి. ఆ తర్వాత ఇలాంటి పిల్లల్ని ఇరవయ్యొక్కేళ్ళ వయసు దాకా వెంబడించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మొదటి రెండు స్థాయులవాళ్ళు సగటున నిలకడగానే ఉన్నారు. మూడు, నాలుగు, ఐదు స్థాయులవాళ్ళు మాత్రం ఏడెనిమిదేళ్ళకే తమకు వీలైనంత పైకి చేరి, అక్కడి నుంచి కిందికి దిగుతున్నారు.

మన ఇళ్ళల్లో ప్రయత్నం సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. పిల్లాడికి ఐదారేళ్ళు వచ్చేదాకా కాకినాడనీ, రాజమండ్రినీ, విశాఖనీ ఏదీ వదలరు. నాలుగడుగులు వేశాడంటే అమ్మయ్య అనుకుని ఆపేస్తారు. అన్నిటికన్నా ఎక్కువ కసరత్తు కావాల్సిన పదేళ్ళూ, పది నుంచి ఇరవై దాకా, ఖాళీగా పోతాయి. ఆన్‌లైన్ కసరత్తు గురించి ఎవరు మాట్లాడినా నేను ముందు చూసేది ఈ పదేళ్ళనే. పసిపిల్లల వైద్యానికి తెర పెద్దగా పనికిరాదు, అక్కడ చేతులే కావాలి. చెప్పింది అర్థం చేసుకుని తనంతట తాను చేయగలిగిన కుర్రకారుకు అది అక్కరకొస్తుంది.

ఇక్కడ పాత భయమొకటి అడ్డొస్తుంది. బిగుసుకున్న కండరానికి బలం పెంచే కసరత్తు చేయిస్తే ఇంకా బిగుసుకుపోతుందని ఫిజియోథెరపీ పుస్తకాలే చాలా ఏళ్ళు చెప్పాయి. 1990ల నుంచి బరువులు కట్టి కొలిచి చూశారు. బలం పెరిగింది, బిగువు పెరగలేదు. బిగుసుకున్న కండరం నిజానికి బలహీనమైన కండరం కూడానని అప్పుడు స్పష్టమైంది. ఇక ఏళ్ళ తరబడి అమ్మలు రోజూ చేసే పని, కాళ్ళు సాగదీయడం, దాని సంగతి మరీ నిరాశ. కీళ్ళ కదలికకు ఇలా సాగదీయడం చెప్పుకోదగ్గ మేలు చేయడం లేదని 2017లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. పిల్లాడు పడుకుని ఉంటే ఇంకొకరు కాళ్ళు ఆడించడం కన్నా, వాడే ఒక పని కోసం పదే పదే లేచి, వంగి, అడుగేసి నేర్చుకోవడంలో ఫలితం ఎక్కువని ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం 2013లోనూ 2020లోనూ వైద్యాలన్నిటినీ వడపోసి చెప్పింది. ఇంటి దగ్గర లక్ష్యం పెట్టుకుని చేసే కసరత్తుకు వాళ్ళు పచ్చ జెండా ఊపారు. ఆన్‌లైన్ అనే మాటకు శాస్త్రం నుంచి దొరికే అసలు బలం ఇదే. కసరత్తు చేసేవాడిదే అయినప్పుడు, చేయించేవాళ్ళు గదిలోనే ఉండి తీరాలన్న నియమం సడలుతుంది.

తర్వాతి ప్రశ్న మోతాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వ్యాయామ సూచనలు సవరించినప్పుడు, వైకల్యం ఉన్నవాళ్ళకు మొదటిసారిగా విడిగా సూచనలిచ్చింది. 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకు రోజుకు సగటున 60 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా. అందులో వారానికి కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చేవి. మిగతా పిల్లలకు చెప్పిందీ అంతే, ఒక్క నిమిషం తగ్గించలేదు. ఇప్పుడు మన మండలాల్లోని భవిత కేంద్రాన్ని దాని పక్కన పెట్టి చూడండి. సమగ్ర శిక్ష కింద వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే ఈ కేంద్రాలకు ఫిజియోథెరపిస్టు వారానికోసారి వస్తారు. ఆ రోజు వచ్చిన పిల్లలందరికీ సమయం పంచాలి. ఒక్కొక్కరికి అరగంట దక్కినా వారానికి అరగంట. లక్ష్యం ఏడు గంటలు. మిగిలిన ఆరున్నర గంటలు ఎక్కడి నుంచి రావాలి? అన్ని గంటలకూ సరిపడా ఫిజియోలను వేసేదాకా, ఇల్లే దిక్కు.

ఇంటి కసరత్తును తెర మీదికి తెచ్చి గట్టిగా పరీక్షించినవాటిలో 'మూవ్ ఇట్ టు ఇంప్రూవ్ ఇట్' ఒకటి. డెన్మార్క్‌లో పుట్టింది, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పరిశోధకులు దాన్ని పరీక్షకు పెట్టారు. ఒంట్లో ఒక పక్క మాత్రమే దెబ్బతిన్న వంద మందికి పైగా పిల్లలు. ఇంట్లో కంప్యూటరు, కెమెరా, చేతికో తలకో ఒక పచ్చ పట్టీ. ఆ పట్టీ కదలికను కెమెరా పసిగట్టి ఆటగా మారుస్తుంది. వంగి అందుకోవడం, కూర్చుని లేవడం, మెట్టెక్కి దిగడం. థెరపిస్టు దూరం నుంచే వారం వారం కష్టం పెంచుతారు. రోజుకు 30 నిమిషాలు, వారానికి ఆరు రోజులు, 20 వారాలు, వెరసి 60 గంటలు. పిల్లలకు రోజువారీ పనుల్లో నేర్పు పెరిగింది, కాళ్ళలో బలం పెరిగింది, ఆరు నిమిషాల్లో నడిచే దూరం పెరిగింది. అయితే వాళ్ళు సగటున చేసింది అనుకున్నదాంట్లో సగానికి కాస్త అటూ ఇటూగానే. రెండో సంగతి ఇంకా చేదు. బలం పెరిగినా, పిల్లలు మామూలు రోజుల్లో తిరిగే తిరుగుడు మాత్రం పెరగలేదు. చేయగల సత్తా వేరు, చేయడం వేరు. వీధిలోకి వెళ్ళి ఆడుకోవడానికి కాళ్ళ బలం ఒక్కటే చాలదు, రమ్మని పిలిచే జట్టు కావాలి, పడితే నవ్వని వీధి కావాలి.

తెర ముందు కసరత్తు ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూద్దాం. పి.గన్నవరం వైపు ఒక ఇల్లు అనుకోండి. వరండాలో గోడకు ఆనించిన చెక్క బెంచీ, దాని మీద కుర్రాడు. ప్లాస్టిక్ కుర్చీ వద్దన్నారు, జారుతుంది.

'ఫోను ఎదురుగా వద్దమ్మా, పక్కన పెట్టండి. మోకాలూ మడమా రెండూ కనపడాలి నాకు.'

'ఆయ్, ఇలాగాండి?'

'ఇంకొంచెం కిందకి. ఆ, చాలు. నాన్నా, చేతులు కట్టుకో. పాదాలు కాస్త వెనక్కి లాగు. ముక్కు ముందుకొచ్చేదాకా వంగి, లే.'

కుర్చీలోంచి లేవడం చూడ్డానికి ఏమీ లేదు, అందులో బోలెడంత భౌతికశాస్త్రం ఉంది. కూర్చున్నప్పుడు ఒంటి బరువు పిర్రల మీద ఉంటుంది. లేవాలంటే ఆ బరువును పాదాల మీదికి తేవాలి. అందుకే పాదాలు మోకాళ్ళ కన్నా వెనక ఉండాలి, నడుం ముందుకు వంగాలి. అప్పుడు తొడ ముందు కండరం, పిర్ర కండరం కలిసి ఒంటిని పైకి తోస్తాయి. పక్క నుంచి చూస్తే మడమ లేస్తోందా, నడుం చాలినంత వంగుతోందా తెలుస్తుంది. మోకాళ్ళు లోపలికి కొట్టుకుంటున్నాయా అన్నది పక్క నుంచి తెలియదు, ఎదుటి నుంచే తెలుస్తుంది. ఫోను బొమ్మలో లోతు ఉండదు కాబట్టి ప్రతి కసరత్తునూ రెండు వైపుల నుంచి చూడాలి. గదిలో ఉన్న ఫిజియో నాలుగడుగులు పక్కకు వేసి చేసే పనిని ఇక్కడ అమ్మ ఫోను జరిపి చేస్తుంది. మంచి ఆన్‌లైన్ ఫిజియో నేర్పేది సగం పిల్లాడికి, సగం అమ్మకు.

లేవడం కన్నా కూర్చోవడం కష్టం. దభీమని కూలబడకుండా మూడు లెక్కపెట్టేంతసేపు మెల్లగా దిగాలి. ఎనిమిదోసారికి మడమలు లేస్తున్నాయి, నడుం పక్కకు పోతోంది. అంటే ఈ రోజుకు ఆ కుర్రాడి మోతాదు ఏడు. వచ్చే వారం తొమ్మిదికి వస్తే, భుజాన స్కూలు బ్యాగులో రెండు పుస్తకాలు వేస్తారు. తైవాన్‌లో 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రెండు కాళ్ళూ బిగుసుకున్న 20 మంది పిల్లల్లో కొందరి చేత ఇలాగే బరువు తొడిగి, ఇంట్లోనే, వారానికి మూడుసార్లు, ఆరు వారాలు కూర్చోబెట్టి లేపించారు. కదలికల నేర్పు పెరిగింది, నడకకయ్యే ఖర్చు తగ్గింది. ఆ బరువు ఎంతన్నది మాత్రం పిల్లాణ్ణి చూసి ఫిజియో చెప్పాల్సిందే, వీడియోల్లో చూసి పెట్టుకునేది కాదు.

'నిన్న చూసిన సినిమా కథ చెప్పరా' అంటుంది తెరలోని ఫిజియో అమ్మాయి. ఇది కబుర్లు చెప్పుకోవడం కాదు, కొలత. వాక్యాలకు వాక్యాలు చెప్పేస్తే కసరత్తు తేలిగ్గా ఉన్నట్టు. మాట్లాడగలిగి పాడలేకపోతే మధ్యస్థం. నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకుంటే గట్టిగా ఉన్నట్టు. పల్స్ కొలిచే గడియారం లేని ఇంట్లో ఇంతకన్నా మంచి పరికరం లేదు. లోపల నుంచి నానమ్మ, 'కుర్రాడు ఆయాసపడిపోతన్నాడండి, ఇంక ఆపెయ్యండి' అంటుంది. ఆ ఆయాసం కోసమే ఇదంతా అని నానమ్మకు చెప్పి ఒప్పించడం ఏ యాప్‌కీ చేతకాదు.

యాప్‌ల సంగతి ఎత్తాం కాబట్టి అదీ చెప్పుకుందాం. ఫోను కెమెరా ముందు కసరత్తు చేస్తుంటే కీళ్ళను గుర్తించి తప్పొప్పులు చెప్పే ప్రోగ్రాములు ఇప్పుడు చాలా ఉన్నాయి. 2020లో గూగుల్ విడుదల చేసిన బ్లేజ్‌పోజ్ ఒంటి మీద 33 చోట్లను గుర్తిస్తుంది. చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ళ తుంటి, మోకాళ్ళు కుర్చీ చాటున పడితే, లేనిచోట కీలు ఊహించి గీత గీయడం ఇలాంటివాటికి మామూలే. కాలు వంకర ఉన్నవాడికి 'నిటారుగా నిలబడు' అని పదిసార్లు మొట్టికాయ వేసే యాప్ ఎవరికి కావాలి? చేతి గడియారాలదీ ఇదే కథ. అడుగులు తప్ప మరేదీ కదలిక కాదన్నట్టు లెక్కపెట్టేవి. ఆపిల్ వాచీ 2016లో గానీ చక్రం తోసే చేతి ఊపును లెక్కలోకి తీసుకోలేదు. కొలిచే సాధనం ఎవరి ఒంటిని చూసి తయారైందన్నది ఎప్పుడూ అడగాల్సిన ప్రశ్నే. మన సదరం శిబిరంలో ఇచ్చే వైకల్య శాతానికీ ఇది వర్తిస్తుంది. పింఛనుకు, రిజర్వేషనుకు ఆ శాతం కావాలి, కాదనను. కానీ 75 శాతం అన్న అంకె చూసి ఏ ఫిజియో కూడా ఒక్క కసరత్తు రాయలేరు. కుర్రాడు ఎన్నిసార్లు లేవగలడు, ఎంతదూరం పాకగలడు, చేత్తో ఎంత బరువు ఎత్తగలడు అన్నవి ఆ కాగితంలో ఉండవు.

తెర చేయలేనివి కొన్ని గట్టిగా చెప్పాలి. కండరం బిగువు చేతికి తెలుస్తుంది, కంటికి తెలియదు. తుంటి కీలు పక్కకు జరుగుతోందన్న అనుమానం వస్తే ఎక్స్‌రేకు పోవాల్సిందే. కాలికి కట్టే క్యాలిపర్ ఎక్కడ ఒరుసుకుంటోందో చర్మాన్ని వేలితో నొక్కి చూడాలి. కాబట్టి మొదటి పరీక్ష ముఖాముఖిగా, తర్వాత నెలకో రెండు నెలలకో మళ్ళీ ఒకసారి, మధ్యలో తెర. ఈ వరస తప్పితే నష్టమే.

పైగా వైకల్యాలన్నీ ఒకటి కావు. డుషెన్ కండర క్షీణత ఉన్న మగపిల్లాణ్ణి పైన చెప్పిన కుర్రాడి పక్కన నిలబెట్టి అదే పాఠం చెబితే హాని. వాడి కండరంలో డిస్ట్రోఫిన్ అనే ప్రోటీను ఉండదు. బరువు మోస్తూ మెల్లగా దిగే కదలిక, మెట్లు దిగడం, గుంజీలు, కండరపు పొరలను చింపేస్తాయి. కసరత్తు మర్నాడు కండరాల నొప్పులున్నా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అక్కడితో ఆపి డాక్టరును కలవాలి. వాడికి నీళ్ళలో తేలిగ్గా ఈదడం లాంటివి మేలు.

కోనసీమలో ఇంకో రకం కుర్రాళ్ళున్నారు, కొబ్బరి దింపు కార్మికులు. చెట్టు మీంచి పడి వెన్నుపాము తెగితే ఇరవై ఏళ్ళకే చక్రాల కుర్చీ. వాళ్ళకు కసరత్తంతా చేతులతోనే, రబ్బరు పట్టీ లాగడం, కుర్చీ చేతుల మీద ఒంటిని పైకెత్తడం. దెబ్బ ఛాతీ పై భాగంలోనో మెడలోనో తగిలితే గుండె వేగాన్ని పెంచే నాడులకు మెదడుతో లంకె కూడా తెగుతుంది. ఎంత కష్టపడినా గుండె నిమిషానికి 110, 130 మధ్యే ఆగిపోవచ్చు. 'ఇంకా వేగంగా' అని యాప్ ఎంత అరిచినా లాభం లేదు. దెబ్బకు దిగువన చెమట పట్టదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రాజమండ్రి ఎండలో, ఉక్కపోతలో, చెమట పట్టని ఒంటితో మధ్యాహ్నం క్లాసు పెట్టడమంటే వడదెబ్బను పిలవడమే. తెల్లవారుజామునే పెట్టుకోవాలి, తడిగుడ్డ, ఫ్యాను దగ్గరుండాలి. మూత్రాశయం నిండి ఉన్నా ఇలాంటివాళ్ళకు రక్తపోటు ఉన్నట్టుండి ఎగబాకి తల పగిలిపోయేలా నొప్పి పుడుతుంది. కసరత్తుకు ముందు మూత్రం ఖాళీ చేసుకున్నావా అన్నది, ఫిజియో సిగ్గుపడకుండా అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నదీ తేలికైన విషయం కాదు. చాలా ఇళ్ళలో మంచి ఫోను నాన్నది, ఆయన చెరువు మీదికో షాపుకో వెళ్తే ఫోనూ వెళ్తుంది. కసరత్తు ఆయన ఇంటికొచ్చే రాత్రికి వాయిదా పడుతుంది, అప్పటికి పిల్లాడికి ఓపిక ఉండదు. ఆడపిల్లల విషయం ఇంకా సున్నితం. పదిహేనేళ్ళ అమ్మాయి కాళ్ళు కనపడేలా వీడియో తీసి వాట్సాప్‌లో పంపమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఒప్పుకోకపోవడం తప్పు కాదు. రికార్డు చేయని కాల్, లెగ్గింగ్స్ వేసుకునే వెసులుబాటు, అవతల ఆడ ఫిజియో, పక్కన అమ్మ, ఇవి ముందే మాట్లాడుకుంటే చాలామంది వస్తారు. ఐదారుగురు అమ్మాయిలను ఒకే కాల్‌లో కలిపి పాట పెడితే, కూర్చున్నచోటే చేతుల డ్యాన్సుకు వచ్చే ఆయాసం ఏమీ తక్కువ కాదు. తమలాంటి వాళ్ళు ఇంకొకరున్నారని ఆ చిన్న గళ్ళలో మొదటిసారి చూసే పిల్లలూ ఉంటారు.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది. కనకాయలంక కాజ్‌వే చిన్న వరదకే మునుగుతుంది, ఆ వరదకు లంకలన్నీ పడవల పాలయ్యాయి. అలాంటి రోజుల్లో భవిత కేంద్రానికి వెళ్ళడం కుదరదు, కరెంటు, సిగ్నలు కూడా నమ్మకం లేదు. అందుకని ఆన్‌లైన్ అంటే ప్రత్యక్ష వీడియో ఒక్కటే అనుకోకూడదు. పిల్లాడు సరిగ్గా చేసినప్పుడు వాడి ఫోనులోనే తీసిపెట్టిన నిమిషం వీడియోలు నాలుగు, గోడకు అంటించిన బొమ్మల కాగితం ఒకటి, దాని పక్కన టిక్కులు పెట్టడానికి పెన్సిలు. సిగ్నలు లేని వారం వాటితోనే గడుస్తుంది. ఎవరో పరదేశపు కోచ్ వీడియో కన్నా, తన ఒళ్ళు తానే సరిగ్గా చేస్తున్న వీడియో చూసి చేయడం సులువు.

ఇదంతా నడపడానికి కొత్త సంస్థ అక్కర్లేదు. ఇ-సంజీవని ద్వారా పల్లె ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరుతో వీడియోలో మాట్లాడడం జనానికి అలవాటైంది. దేశంలో దాన్ని ఎక్కువగా వాడుకున్న రాష్ట్రాల్లో మనదీ ముందు వరసలోదే. భవిత కేంద్రంలో పిల్లల పేర్లు, ఇళ్ళు, అమ్మల ఫోను నంబర్లు ఉన్న రిజిస్టరు ఉంది. లేనిదల్లా, ఫిజియో ఫోనులో గడిపే సమయాన్ని పనిగా రాసుకునే గడి. మండలంలో ఇరవై మంది కుర్రకారు ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరిని వారానికి రెండుసార్లు పది నిమిషాల చొప్పున వీడియోలో చూడాలంటే ఆరు గంటల నలభై నిమిషాలు. ఒక్క పనిదినం. మండలానికి వచ్చే ఒక రోజుకు ఈ రెండో రోజును కూడా డ్యూటీగా, జీతంతో కలిపి రాస్తే, పంటు ఎక్కే పని నెలకోసారికి తగ్గుతుంది.